మా నాన్నగారు: విక్రాంత్ బాయిలర్ రూమ్ నుంచి కూర్మన్నపాలెం దాకా. ఆయన తెలిసినవాళ్ళు ఇక్కడ రాయండి

కూర్మన్నపాలెం_పెద్దమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయిన గురువారం తెల్లవారుజామున కాలం చేశారు. వయసు 74. నిద్రలోనే వెళ్ళిపోయారు, ఎవరిచేతా ఒక్క పని చేయించుకోలేదు. పేరు ఇక్కడ పెట్టొద్దని అమ్మ అంది కాబట్టి రాయడం లేదు. తెలిసినవాళ్ళకి నాలుగు లైన్లు చదవగానే ఎవరో తెలిసిపోతుంది.

సోంపేట దగ్గర ఉద్దానం పల్లె నుంచి 1968లో నేవీలో చేరారు. అప్పట్లో కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇక్కడే విశాఖలో, ఐఎన్ఎస్ సర్కార్స్‌లో ఇచ్చేవారు (ఒడిశాలో చిలకా ట్రైనింగ్ కేంద్రం వచ్చింది 1980లో). అక్కడి నుంచి లోనావాలాలో నేవీ ఇంజనీరింగ్ స్కూలు ఐఎన్ఎస్ శివాజీకి పంపి బాయిలర్, ఇంజన్ పని నేర్పించారు. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీద ఉన్నారు. 1984లో బయటకి వచ్చి కొన్నాళ్ళు ఒక పంచదార ఫ్యాక్టరీలో చేసి, తర్వాత విశాఖ స్టీల్‌ప్లాంటులో థర్మల్ పవర్ ప్లాంటులో (టీపీపీ) చేరి రిటైరయ్యేదాకా బాయిలర్ల దగ్గరే పనిచేశారు.

ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో ఆయన ఓడ సంగతులు చెప్పింది చాలా తక్కువ. చిన్నప్పుడు అడిగితే "ఓడలో ఉన్నాను గానీ సముద్రం చూసింది తక్కువమ్మా, మేం కిందే ఉండేవాళ్ళం" అనేవారు. ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే హోంవర్క్ అయిందా అని మాట తప్పించేవారు. ఆయనకి మనవలు నలుగురున్నారు. వాళ్ళ కోసం ఒక పుస్తకంలా రాసిపెడదామని నేనూ చెల్లీ అనుకున్నాం. మాకు తెలిసింది ఇంట్లో మనిషే. బయట ఆయన ఎలా ఉండేవారో మీరు చెప్పాలి.

మాకు తెలిసిన ఒక సంగతి ముందు చెప్తాను. ఆయన బీరువాలో లాంగ్ నోటుపుస్తకాలు ఒక బొత్తి ఉంది. స్టీలు స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గళ్ళు గీసి, రోజుకో వరస. తేదీ, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, గ్యాస్ సిలిండరు పెట్టిన రోజు, కరెంటు మీటరు రీడింగు, మా హాస్టల్ ఫీజులు, చివర్లో ఆయన పొట్టి సంతకం. అమ్మకి బీపీ వచ్చిన ఏడాది నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండు గళ్ళు పెరిగాయి. ఈమధ్య పుస్తకాల్లో ఇంకో గడి ఉంది, పైన "మోకాలు" అని రాసుంది. కింద "తక్కువ", "ఎక్కువ", "మెట్లు ఎక్కింది", "గుడికి నడిచింది". అమ్మ మోకాలి గురించి ఆయన అన్ని నెలలు రాస్తున్నారని అమ్మకే తెలియదు.

హార్బర్_కుర్రాడు

ఓం శాంతి అక్కా. విక్రాంత్ మీద పనిచేసినవాళ్ళంటే మాకు దేవుళ్ళు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఆ ఓడే కదా. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఇలాంటివాళ్ళే గుర్తొస్తారు. డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలకి నాన్నగారు వచ్చేవారా?

కూర్మన్నపాలెం_పెద్దమ్మాయి

వచ్చేవారు తమ్ముడూ, మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ. అందరూ విమానాలు చూస్తుంటే ఆయన మాత్రం ఓడ పొగగొట్టం చూసి "పొగ శుభ్రంగా వస్తోంది, కింద కుర్రాళ్ళు బాగా చేస్తున్నారు" అనేవారు.

పాత_స్టోకర్_కాకినాడ

అమ్మా, పోస్టు చూసి గుండె ఆగినంత పనయింది. మీ నాన్న, నేను ఒకే మెస్‌లో ఉండేవాళ్ళం. పొగ మాట చదవగానే వాడేనని అర్థమైపోయింది. నల్ల పొగ వస్తే నూనె సరిగ్గా మండటం లేదని, తెల్ల పొగ వస్తే గాలి ఎక్కువైందని లెక్క. పైనుంచి ఆఫీసర్ ఫోన్ చేసి తిట్టకముందే వాడు బర్నర్లు సర్దేసేవాడు.

ముందు హార్బర్ బాబుకి ఒక మాట. ఘాజీ మునిగినప్పుడు విక్రాంత్ విశాఖలో లేదు బాబూ. ఆ ఓడ కోసమే ఘాజీ వచ్చింది, నిజమే. కానీ మమ్మల్ని నవంబరులోనే అండమాన్ వైపు తీసుకెళ్ళిపోయారు. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా నాటకం ఆడింది వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు. విశాఖ బయట డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకి డెప్త్ చార్జీలు (నీళ్ళలో పేలే బాంబులు) వేసింది పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్. ఆ పేలుడుకి ఊళ్ళో జనం ఉలిక్కిపడి లేచారట. రాజ్‌పుత్ దెబ్బకే పోయిందని మనం అంటాం, తన మందుపాతరలే పేలి పోయిందని అవతలివాళ్ళు అంటారు. అందులో ఉన్న 93 మంది కూడా ఎవరో కన్న బిడ్డలే. మీ నాన్న ఆ వార్త విన్న రోజు అన్నం సరిగ్గా తినలేదు. "వాళ్ళ ఇంజన్ రూమ్‌లోనూ మనలాంటోళ్ళే ఉంటారు" అన్నాడు.

ఇప్పుడు మా ఓడ సంగతి. యుద్ధానికి ముందే విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు కనిపించాయి. ఓడ వేగం బాగా తగ్గించేశారు. విమానవాహక నౌకకి వేగం లేకపోతే విమానాలు లేవడం కష్టం, డెక్ మీద ఎదురుగాలి కావాలి, వాటిని విసిరే కాటపుల్టుకీ ఆవిరే కావాలి. ఈ ఓడని అసలు యుద్ధానికి పంపొచ్చా అనే మాట పెద్దవాళ్ళ దగ్గర నడిచింది. అందుకే డిసెంబరు 4న సీ హాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కాక్స్‌బజార్ మీదికి వెళ్ళాయన్నా, తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా దాకా దాడులు జరిగాయన్నా, దాని వెనక కింద ఆవిరి నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. పైలట్ల ఫోటోలు పేపర్లో వచ్చాయి, రావాల్సిందే, ప్రాణాలకి తెగించారు. మా ఫోటోలు ఎవరూ తీయలేదు. అక్కడ యాభై డిగ్రీలు దాటే వేడి, ఒళ్ళంతా నూనె, చెవులు దిబ్బళ్ళు. నాలుగు గంటల వాచ్ (డ్యూటీ) చేసి పైకొచ్చేసరికి చెమట ఎండి చొక్కా అట్ట కట్టేది.

మీ నాన్న అప్పటికి ఇరవై దాటీ దాటని కుర్రాడు. అతనికి ఎక్కువగా పడేది మిడిల్ వాచ్, రాత్రి పన్నెండు నుంచి నాలుగు. బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం ఉంటుంది, దాని ముందు నిలబడితే కళ్ళు తిప్పేవాడు కాదు. నీళ్ళు తగ్గితే గొట్టాలు కాలిపోతాయి, ఎక్కువైతే నీళ్ళు ఆవిరితో పాటు టర్బైన్‌లోకి పోతాయి. రెండూ కొంప ముంచేవే. ఒకసారి నాకు జ్వరంగా ఉంటే నా వాచ్ కూడా తనే చేశాడు. ఎనిమిది గంటలు! పొద్దున నేను దండం పెడితే "నీకు బాగైతే నాది ఒకటి చేద్దువులే" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఇంకొకటి ఉందమ్మా, ఇది మీ అమ్మగారిని అడిగి రాయాలో ఏమో. పెళ్ళయిన కొత్తలో మీ నాన్న ఉత్తరాలు రాసే తీరు చూసి మెస్‌లో అందరూ ఏడిపించేవాళ్ళు. గీతల కాగితం మీద గోళీకాయంత అక్షరాలు. ఒక్క ఒత్తు ఉండేది కాదు. ఒక మాట రాయబోయి, అందులో ఒత్తు వస్తుందని ఆగి, ఇంకో మాట వెతుక్కునేవాడు. ఒకరోజు నన్నే అడిగాడు, "రేయ్, 'ఉత్తరం' అనకుండా ఉత్తరం అని ఎలా చెప్పాలిరా" అని. 'జాబు' అని రాయమన్నాను. ఎంత సంబరపడ్డాడో! మీ అమ్మగారు చిన్నప్పుడే బడి మానేశారట, కూడబలుక్కుని చదవడమే వచ్చేది. ఇంకెవరిచేతో చదివించుకోకుండా తన ఉత్తరం తనే చదువుకోవాలని అతని పట్టుదల.

సోంపేట_అన్నకొడుకు

అప్పా, చిన్నాన్న గురించి నేను రాయకపోతే ఎవరు రాస్తారు. మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, చెల్లి చంకలో పిల్ల. చిన్నాన్న సెలవు పెట్టి వచ్చి పదకొండో రోజు అయ్యాక అరుగు మీద అందరి ముందూ ఒకే మాట అన్నాడు, "పిల్లల చదువు నాది, ఇంక ఈ మాట మళ్ళీ ఎవరూ ఎత్తొద్దు." ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం రానివ్వలేదు. నెల మొదటి వారంలో మనియార్డరు వచ్చేది. కూపన్ మీద డబ్బు గురించి ఏమీ ఉండదు, "లెక్కల్లో ఎన్ని మార్కులు?" అని ఉండేది.

అమ్మకి మిలిటరీ క్యాంటీన్‌లో కుట్టుమిషను కొని రైల్లో తెచ్చాడు. సోంపేట స్టేషన్లో దిగి ఎడ్లబండి మీద వేసి తనే పట్టుకుని నడిచొచ్చాడు. అమ్మ దాని మీదే జాకెట్లు కుట్టి చెల్లి పెళ్ళి చేసింది. ఊళ్ళో కొందరు ఆయన్ని క్యాంటీన్ మందు బాటిళ్ళు అడిగేవారు, రెండింతల ధర ఇస్తామనేవారు. ఒక్కరికి ఇవ్వలేదు. "కోటా నాది, అమ్ముకోడానికి కాదు" అని మొహం మీదే చెప్పేవాడు. దానికి అలిగి మాట్లాడడం మానేసినవాళ్ళు కూడా ఉన్నారు, ఆయన పట్టించుకోలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఉద్దానం కొబ్బరంతా నేలమట్టమైంది. ముప్ఫై నలభై ఏళ్ళ చెట్లు. నేను తోటలోకి వెళ్ళలేక ఇంట్లోనే కూచుండిపోయాను. చిన్నాన్న అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డాడు, మూడో రోజుకల్లా వచ్చేశాడు. రోడ్డు మీద చెట్లు పడుంటే బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దిగి నడిచాడట. "ఏట్రా కూకున్నావ్, లే" అని చేతిలో కత్తి పెట్టాడు. పడిపోయిన మానులు తీయించడం, నష్టం రాసుకునేవాళ్ళు వస్తే ఏ చెట్టు ఎక్కడిదో లెక్క చూపించడం అన్నీ తనే చూసుకున్నాడు. కొత్త మొక్కలు వేసేటప్పుడు తాడు పట్టి వరసలు సరిచేశాడు. ఆ మొక్కలు ఇప్పుడు కాపుకి వచ్చాయి. మొదటి గెల దింపి బస్సులో వేసి పంపాను, అది ఆయన చూశాడు, నాకంతే చాలు.

టీపీపీ_జూనియర్

సార్ దగ్గర పని నేర్చుకున్న బ్యాచ్‌లో నేనొకణ్ణి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' 1990లో మొదలైనప్పుడు ప్లాంటులో ఎక్కడ చూసినా మాలాంటి కొత్త కుర్రాళ్ళే, పుస్తకం చదువు తప్ప ఏమీ తెలియదు. కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ మీద అంకె చూసి నీటిమట్టం రాసేస్తే సార్ లాగ్ షీటు చించి అవతల పడేసేవారు. "పైకెక్కి కళ్ళతో చూసి రా." బాయిలర్ నీళ్ళూ ఆవిరీ ఉండే డ్రమ్ము ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళకి ఆ మెట్లు ఎన్నో తెలుస్తుంది. తిట్టుకుంటూ ఎక్కేవాళ్ళం. ఒక రాత్రి ప్యానెల్‌లో అంతా బాగానే ఉంది, పైన గాజులో నీళ్ళు మాత్రం కిందికి దిగిపోయాయి, ప్యానెల్‌కి రీడింగు పంపే ట్రాన్స్‌మిటర్ మొరాయించింది. ఆ రాత్రి తర్వాత ఎవరం తిట్టుకోలేదు.

ఇంట్లోవాళ్ళకి తెలుసో లేదో, పిల్లల పరీక్షల రోజుల్లో ఎంత బతిమాలినా ఓవర్‌టైమ్ చేసేవారు కాదు. డబ్బు వద్దా సార్ అంటే "పెద్దదానికి లెక్కల పరీక్ష, నేను పక్కన కూర్చుంటే చాలు అంటుంది, నాకు ఆ లెక్కలు రావనుకో" అనేవారు. 2021లో ప్లాంటుని ప్రైవేటుకి ఇచ్చే మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్లో దీక్షా శిబిరంలో కూర్చున్నారు. రిటైరైపోయారు కదా, మీకెందుకీ ఎండలో అని ఒకాయన అంటే "ఉద్యోగం నాది అయిపోయింది, ప్లాంటు అయిపోలేదు" అన్నారు.

పక్కవీధి_టీచర్

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 విశాఖలో ఉన్నవాళ్ళు ఎవరూ మరిచిపోలేరు. ముందు రోజు సాయంత్రమే ఆయన మా వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టారు. బకెట్లు, బిందెలు, పాత డ్రమ్ములు అన్నీ నింపుకోమన్నారు, మేడ మీద రేకులు, కుండీలు కిందికి దించమన్నారు. కొంతమంది విసుక్కున్నారు కూడా. గాలి ఆగాక చూస్తే కరెంటు లేదు, ఫోన్లు లేవు, కొళాయి లేదు. ఆ నింపుకున్న నీళ్ళే దిక్కయ్యాయి. వీధి చివర ముసలి దంపతులు, వాళ్ళ అబ్బాయి బెంగుళూరు, వాళ్ళింటికి రోజూ పొద్దున రెండు బిందెలు ఆయనే మోసుకెళ్ళేవారు. అడ్డంగా పడిన బాదం చెట్టుని చేతిరంపంతో కోస్తూ "ఒకళ్ళు కోయండి, ఒకళ్ళు లాగండి, ఒకళ్ళు నీడలో కూర్చోండి, గంటకి మారుదాం" అని కుర్రాళ్ళని జట్లుగా విడదీశారు. అది ఓడ అలవాటని ఇప్పుడు స్టోకర్ గారి పోస్టు చదివాక తెలుస్తోంది.

డాలస్_చిన్నమ్మాయి

అక్కా, ఇప్పుడే ఫ్లైట్ దిగి హైదరాబాద్‌లో కూర్చుని అన్నీ చదివాను. ఉయ్యాల సంగతి నువ్వు రాయలేదేం?

నా మొదటి కాన్పుకి అమ్మా నాన్నా డాలస్ వచ్చారు. అక్కడి ఇళ్ళలో పైకప్పుకి కొక్కెం ఉండదు కదా, చీర ఉయ్యాల ఎలా కట్టాలా అని అమ్మకి ఒకటే బెంగ. నాన్న ఏమీ మాట్లాడకుండా మా ఆయన్ని తీసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి చెక్కలు, తాడు తెచ్చి గరాజ్‌లో రెండు రోజులు కూర్చుని ఒక స్టాండు తయారుచేశారు. తాడు ముళ్ళు వేయడం నేను పక్కనే ఉండి చూశాను. అడ్డకర్రకి క్లోవ్ హిచ్ అనే ముడి, దాని మీద ఇంకో మెలిక, చివర కొసని విడిపోకుండా సన్నదారంతో చుట్టి బిగించారు. వెంటనే పాపని పడుకోబెట్టనివ్వలేదు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తాలు రెండు అందులో పెట్టి, ఊపి, రాత్రంతా అలాగే వదిలేశారు. పొద్దున నాలుగింటికి లేచి, ముడి ఎంత జారిందో పెన్సిలు గీత పెట్టి మరీ చూసి, అప్పుడు అమ్మ పాత నేత చీర కట్టించారు. మా ఆయన అమెరికన్ కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు, ఆయనే నోరు తెరిచాడు.

పొద్దున నాలుగింటికి లేవడం మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది మిడిల్ వాచ్ దిగే టైమని ఇవాళ తెలిసింది.

పింఛను_పనుల్లో_సాయం

పెద్దమ్మాయిగారూ, ఈ సమయంలో ఇది రాయడం బాగోదు గానీ ఆలస్యమైతే అమ్మగారే ఇబ్బంది పడతారు. నేను నేవీలో ఆఫీసు కాగితాల పని చూసే రైటర్‌గా చేసి వచ్చినవాణ్ణి.

మరణ ధ్రువీకరణ పత్రం కాపీలు ఎక్కువే తీసుకోండి. నాన్నగారి పీపీవో (పింఛను ఆర్డరు), డిశ్చార్జి పుస్తకం బయటకు తీసి అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ముందు చూడండి. మన ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట ఉంటుంది, కేసులు ఎక్కువగా ఆగేది అక్కడే. ఫ్యామిలీ పింఛనుకి ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో పెట్టాలి, చేతకాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే దగ్గరుండి చేయిస్తారు. ఆయన చనిపోయిన సంగతి వెంటనే తెలియజేయండి, తర్వాత నెలల పింఛను ఖాతాలో పడితే తిరిగి కట్టమంటారు. మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు అమ్మగారికి కొనసాగుతుంది. మోకాలికి చూపించుకోవాలంటే అదే అక్కరకొస్తుంది, అశ్రద్ధ చేయొద్దు. స్టీల్‌ప్లాంటు సర్వీసు మీద పీఎఫ్ వాళ్ళ దగ్గర దరఖాస్తు వేరుగా పెట్టుకోవాలి.

పుస్తకం రాస్తానంటున్నారు కాబట్టి ఒక మాట. సెయిలర్ల సర్వీసు రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లో బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. అమ్మగారి సంతకంతో అర్జీ రాసి, ఏ ఓడలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేశారో అడగండి. మెడల్స్ ఉన్నాయా ఇంట్లో? 1971లో విక్రాంత్ మీద ఉన్నవారికి పూర్వీ స్టార్ ఉండాలి.

కూర్మన్నపాలెం_పెద్దమ్మాయి

అందరివీ అమ్మకి చదివి వినిపిద్దామని కూర్చున్నాను. "ఇటియ్యి, నేనే చదువుతాను" అని కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను లాక్కుంది. స్టోకర్ బాబాయ్ రాసింది రెండుసార్లు చదివింది. ఆ ఉత్తరాలు ఉన్నాయి బాబాయ్, ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండలు వేసి. మాకు ఎప్పుడూ చూపించలేదు, నిన్న తీసింది. మీరు చెప్పింది అక్షరాలా నిజం, మొదటి ఏడాది ఉత్తరాల్లో ఒక్క ఒత్తు లేదు. "నీ జాబు అందినది" అని ఉంది! తర్వాత తర్వాత ఒత్తులు ఒక్కొక్కటే వచ్చాయి. కొత్తది రాసినప్పుడల్లా దాని కింద చిన్న గీత, పక్కన ఎలా పలకాలో. అమ్మ తిరిగి రాసినవి "కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి" అడ్రసుతో వెళ్ళేవట, అవి నాన్న ఏం చేశారో తెలియదనుకుంది. నోటుపుస్తకాల బీరువాలోనే, డిశ్చార్జి పుస్తకం కవరులో దొరికాయి. పూర్వీ స్టార్ కూడా అందులోనే ఉంది, రైటర్ గారూ. మీరు చెప్పిన పనులు మా ఆయన రేపటి నుంచి మొదలుపెడతారు.

అమ్మ ఒక్కచోట దిద్దమంది. నేను మొదట్లో "ఎవరిచేతా ఒక్క పని చేయించుకోలేదు" అని రాశాను కదా, అది తప్పంట. చివరి నెలరోజులు చొక్కా గుండీలు అమ్మే పెట్టేదంట, చేతులు వణికేవంట. మాకు చెప్పొద్దన్నారంట. అలాగే రాయమంది, దాచొద్దంది.

పెద్దకర్మ వచ్చే ఆదివారం, ఇంటి దగ్గరే. తమ్ముడూ, ఊరి నుంచి వచ్చేవాళ్ళందరికీ పై పోర్షన్ ఖాళీ చేయించాం, నేరుగా వచ్చేయండి. టీపీపీ బ్యాచ్ వాళ్ళు షిఫ్టు చూసుకుని ఎప్పుడొచ్చినా భోజనం ఉంటుంది. బాబాయ్, మీ దగ్గర మెస్ ఫోటోలు ఏమైనా ఉంటే తప్పకుండా తీసుకురండి, స్కాన్ చేసి ఇచ్చేస్తాను.

పాత_స్టోకర్_కాకినాడ

వస్తున్నానమ్మా. శనివారం సామర్లకోటలో రైలెక్కి దువ్వాడలో దిగుతాను, అక్కడి నుంచి ఆటోలో వస్తాను, ఎవరూ స్టేషన్‌కి రావొద్దు. ఫోటో ఒకటే ఉంది, అందులో మీ నాన్న వెనక వరసలో సగం మొహమే పడ్డాడు, అయినా తెస్తాను. లోనావాలా బ్యాచ్‌లో బతికున్న ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకడు చీరాల నుంచి నాతోనే వస్తున్నాడు. రెండోవాడు కదల్లేడు, మీ అమ్మగారితో మాట్లాడతానన్నాడు. నంబరు మెసేజ్‌లో పెడుతున్నాను చూడు.